చలికాలంలో గుండు గీసిన ఎలుకలు

పందొమ్మిది వందల డెబ్భై నాలుగు నవంబరు పదకొండో తేదీ ఉదయం, తడిసిన గొడుగుతో రాజమండ్రిలోని మా పరిశోధనా కేంద్రం మెట్లెక్కిన శ్రీమతి దేవకుమారి గారు, ఆనాటి నుంచి ముప్పై మూడేళ్ల ఎనిమిది నెలలు జంతుశాలను కంటికి రెప్పలా కాపాడారు. ఈ కాలంలో ఆరుగురు డైరెక్టర్లు, నూట ముప్పై తరాల ఎలుకలు మారాయి. డైరెక్టర్ల పేర్లు ఆవిడకు అప్పుడప్పుడు తడబడేవి గాని, ఎలుకలవి ఏనాడూ తడబడలేదు.

బోనులు కడిగే ఉద్యోగంతో ప్రారంభించి, ఎనభై తొమ్మిదిలో టెక్నీషియన్‌గా పదోన్నతి పొందారు. రెండు వేల ఆరు చివర డాక్టర్ శివరామకృష్ణ గారు మూర్ఛవ్యాధిపై పరిశోధన ఆరంభించారు. మందుతో మూర్ఛ తెప్పించిన ఎలుక మెదడులో, కత్తి పెట్టకుండా, అల్ట్రాసౌండ్ తరంగాలను ఒకేచోట కేంద్రీకరిస్తే మూర్ఛలు తగ్గుతాయా అన్నదే ప్రశ్న. తలకూ యంత్రానికీ నడుమ గాలి ఉంటే తరంగం లోపలికి పోదు. కనుక తల నున్నగా గొరిగి జెల్ రాయాలి. ఆ పని దేవకుమారి గారిది.

ఆరు ఎలుకలయ్యాయి. మూర్ఛలు ఏమాత్రం తగ్గలేదు. జనవరిలో డాక్టరు గారు ప్రాజెక్టు మూసేస్తున్నట్లు లేఖ టైపు చేయించి, సంతకానికి కలం తీశారు.

"ఆగండి సార్. తప్పు మిషనుది కాదండి, నాది."

"మీదేంటమ్మా?"

"చలి కదండీ. నున్నగా గీస్తే వణికిపోతాయని బియ్యపు గింజంత జుట్టు ఉంచేశానండి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"జెల్లు ఎక్కువ రాస్తే సరిపోద్దనుకున్నానండి. ఇందాక చూస్తే వెంట్రుకల్లో అన్నీ బుడగలే. మెమో ఇస్తే ఇవ్వండి, ఆ లెటరు మాత్రం చింపెయ్యండి."

విరమణకు ఏడాదిన్నర ముందు, ఆవిడ తన మచ్చలేని సర్వీసు పుస్తకాన్ని పణంగా పెట్టారు. డాక్టరు గారు లేఖ చింపారు. మెమో కూడా ఇచ్చారు.

ఈసారి కొత్త ఎలుకలకు ఆవిడ గీసిన గుండ్ల తళతళకు మేము ట్యూబ్‌లైట్లు ఆర్పుకుని పనిచేశాం. ప్రతి బోను పైనా వెచ్చదనానికి బల్బు వెలిగించారు. యంత్రం ఆపి ఉంచిన ఎలుకలకు గంటకు పదకొండు మూర్ఛలు. ఆడించిన వాటికి నాలుగే!

"తగ్గాయండీ! సార్, తగ్గాయి!"

ఆ కేక గోదావరి దాటి కొవ్వూరులో వినిపించిందని, అక్కడి నుంచి వచ్చే మా గుమస్తా బుల్లియ్య గారు లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. ఆ సాయంత్రమే డాక్టరు గారు మెమో కింద ఎర్రసిరాతో రాశారు: "ఈవిడ తప్పు ఒప్పుకోకపోతే ఈ ఫలితం లేదు."

నేడు విశ్రాంతిలోకి అడుగిడుతున్న దేవకుమారి గారు కుటుంబ సమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు ఆనందంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. చలికాలంలో మాత్రం తలకు మఫ్లరు చుట్టుకోండి, అమ్మా. ఆ బెంగపడే ఉద్యోగం ఇకనుంచి మాది.