నొప్పి సూది

ఇంద్రేశంలో కొత్త ప్లాట్ల పక్కన, రాబందుల సర్వే రాయడానికి వచ్చిన అమ్మాయిని దేవమ్మ అరుగు మీదికి పిలిచింది.

"దగ్గరికొచ్చి కూసో బిడ్డా, చెప్త. రాబందులా? మస్తుండె. సచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తే పొద్దూకేసరికి బొక్కలే మిగులుతుండె."

"ఇప్పుడు కాపాడాల్సిన జీవాల సర్కారు పట్టికల రాబందును పులితోని సమానం చేసిండ్రు అవ్వా. మొదటి వరసల పెట్టిండ్రు."

"పులి పక్కనా! ఉన్నన్ని దినాలు ఎవలు దేకలే, ఇగ పోయినంక గద్దెనెక్కిచ్చిండ్రా?"

"ఆఖరికి ఎప్పుడు సూసినవ్?"

"మా ముసలెద్దు సచ్చినప్పుడు. లేవలేక మూలుగుతుంటే సూడలేక నొప్పి సూది ఏయించిన. తెల్లారి సచ్చింది. దాన్ని తిన్న పిట్టలు ఆ తుమ్మచెట్టు మీద మెడలు ఏలాడేసి కూసున్నయి. ఒక్కోటి రాలిపడ్డది. ఏం రోగమొచ్చిందో పాపం."

అమ్మాయి రాయడం ఆపింది.

"రోగం కాదవ్వా. ఆ సూది మందు ఎద్దు మాంసంల ఉండిపోతది. తిన్న రాబందుల్ని అదే సంపుతది."

దేవమ్మ ఆమె చేతిలోని కాగితం మీద వేలు పెట్టింది.

"అయితే నేనే. రాయి బిడ్డా, దేవమ్మ అని."

"పేరు రాసే గడి లేదవ్వా. ఉన్నయా, లేవా, అంతే."

"గడి లేకుంటే నీ మతిల పెట్టుకో. నువ్వు పోయే ప్రతి ఊర్ల చెప్పు, ఇంద్రేశంల ఒక ముసల్ది ఎద్దు మీద జాలిపడి రాబందుల్ని సంపిందని."