మందసం ముందు దీపం

చర్చి తలుపుకి తాళం వేసి ఉంది. మెట్ల మీద నూనె సీసాతో అక్క నిలబడింది. తాళంచెవి తమ్ముడి గుప్పిట్లో ఉంది.

"తియ్యరా. సత్ప్రసాదం ఉంచే మందసం ముందు దీపం ఆరకూడదు, నూనె పొయ్యాలి."

"కుదరదక్కా. పూజలో సత్ప్రసాదపు అప్పం మోకరించకుండా నిలబడి తీసుకునేవాళ్లని రానిస్తే వాళ్ల వెనకాలే సైతాను వస్తాడు."

"అమ్మ పోయినప్పట్నించీ ఆ దీపం చూసేది నేనే కదా. నన్ను ఆపాక ఎవరు పోశారు?"

"మోకరించి తీసుకునే మావాళ్లెవరో పోసుంటారు."

"తాళంచెవి నీ దగ్గరుంటే ఎలా పోస్తారు? ఆ తలుపు సందులోంచి చూడు. దీపం ఎర్రగా కనిపిస్తోందా?"

"...లేదక్కా. అంతా చీకటి."

"అసలు తాళం వెయ్యమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. జపం చేసుకుంటుంటే అనిపించింది. ఎంత హాయిగా ఉందో! ఒక్క అనుమానం కూడా లేదు."

"ఆ హాయిలో నేను గుర్తొచ్చానా?"

"వచ్చావు. బయట నిలబడి ఏడుస్తున్నట్టు. అప్పుడు ఇంకా హాయిగా అనిపించింది."

"దేవుడిచ్చే హాయి అలా ఉండదురా. నాకు భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది."

"అయితే రా, ఇద్దరం కలిసి పరలోక జపం చెప్పుకుందాం. తర్వాత తలుపు తీద్దువు గాని."

"ముందు నువ్వు మోకరించు. అప్పుడే చెబుతాను."

అక్క ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసింది. సీసా పక్కన పెట్టి, రాతి మెట్టు మీద మోకరించింది.

"మోకరించాను. ఇక మొదలుపెట్టు, నాన్నా."

"ఇలా కాదక్కా. రేపు పూజలో, అందరూ చూస్తుండగా."