పట్టాల మీద పికప్

వారంటీ ఆ రోజుతో ఆఖరు. పికప్‌ను షోరూం మెకానిక్ నడుపుతుంటే, పక్కన యజమాని కూర్చున్నాడు.

“ఇంజిన్ నిక్షేపంలా ఉంది సార్. ఆగిపోతోందంటే మీ డ్రైవింగే తేడా.”

“కాస్త ఓపిక పట్టు బాబూ. నిన్ను చూసి సిగ్గుపడుతున్నట్టుంది.”

గేటు లేని రైలు పట్టాల మీదకు ఎక్కగానే ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. దూరంగా రైలు కూత వినిపించింది. మెకానిక్ తాళం ఎంత తిప్పినా లాభం లేకపోయింది.

“దిగండి సార్, తోద్దాం.”

“ముందు ఇది చెప్పు. ఇప్పుడు నడిపిందెవరు?”

“నేనే. లోపం ఇంజిన్‌దే. కొత్తది వేయిస్తాను. మీకు దణ్ణం పెడతాను, దిగండి.”

“నువ్వు స్టీరింగ్ పట్టుకో. గేరు తీసెయ్.”

యజమాని తీరిగ్గా దిగి, వెనక భుజం ఆనించి తోశాడు. బండి పట్టాలు దాటింది.

“ఒక్కరే అంత సులువుగా ఎలా తోశారు సార్?”

“రోజూ ఇక్కడే తోస్తున్నానయ్యా. అదేగా నా కంప్లయింటు.”