ఏడుసార్లు కట్ చేసిన ఫోను

హలో… ఆ, నేనే శౌరయ్యా. జానకిరామ్‌ని. పటమట నుంచి… పెట్టెయ్యకు. రెండు నిమిషాలు… నీ కొత్త నెంబరు మీ ఆవిడ హన్నాని అడిగి తీసుకున్నా. ముందు ఇవ్వనంది. బతిమాలుకున్నాను.

ఒరిస్సాలో ఎక్కడ?… చిల్కా పక్కనా. అక్కడ కూడా చెరువు కాపలాయేనా?… ఓహో, రొయ్యలు… తిండీ అదీ సరిపోతోందా?… సరే, సరే. ఊరికే అడిగాను.

అది కాదు… ఫోన్ బిల్లు వచ్చింది. సింగపూర్ వెళ్ళిన నెలది… నీకెందుకు చెబుతున్నానంటే… విను. చేపల మేత కంపెనీ వాళ్ళు రైతులందర్నీ తీసుకెళ్ళారు కదా. అక్కడ దిగంగానే ఫోన్లో మెసేజ్ వచ్చింది. పరాయి దేశంలో ఉంటే మనకొచ్చే కాల్ ఎత్తినా చార్జీ మనకేనంట. నిమిషానికి అరవై… ఆ, అరవై రూపాయలు. అందుకని ఆ నాలుగు రోజులూ ఎవరు చేసినా ఎత్తలేదు. అయినా బిల్లు ఇంత పొడుగు వచ్చింది. ఎత్తని కాల్‌కి డబ్బులేంటని తగాదా పెట్టుకోడానికే వెళ్ళాను వాళ్ళ ఆఫీసుకి.

ఉన్నావా?…

అక్కడి అమ్మాయి విడమరిచి చెప్పింది. మా అమ్మాయి హేమ నా ఫోన్లో వాయిస్ మెయిల్ అని ఒకటి పెట్టిందిలే. మనం ఎత్తకపోతే అవతలివాళ్ళ మాట రికార్డు చేసి ఉంచుద్ది. నేను కట్ చేసిన ప్రతి కాలూ సింగపూర్ దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి ఇండియాకొచ్చి అందులో పడిందంట. రానూ చార్జీ, పోనూ చార్జీ. రూలంట… అంతే మరి. ఎత్తి మాట్లాడినా ఇంతకంటే తక్కువే అయ్యేది… నవ్వుతున్నావా?… నవ్వు. నవ్వాల్సిందే.

ఆ బిల్లు మీద నెంబర్లుంటాయి శౌరయ్యా. టైములతో సహా. తెల్లారగట్ల ఏడుసార్లు ఒకటే నెంబరు… నీదే. నేను కొనిచ్చిన ఫోనే.

…

మిస్డ్ కాల్ అనుకున్నాను. నువ్వెప్పుడూ ఒక రింగిచ్చి పెట్టేస్తావు, తర్వాత నేను చేస్తాను, మన అలవాటు అదే కదా… ఆ… నిజమే. మిస్డ్ కాల్ అయితే ఏడుసార్లు మోగదు… లేదు, నిద్రలో లేను. మీకు నాలుగున్నరయితే అక్కడ ఏడు. హోటల్లో టిఫిన్ దగ్గర కూర్చున్నా. ప్లేటు పక్కనే ఫోను. నీ పేరు చూసే కట్ చేశాను. మేత బస్తాల గొడవేదో అయి ఉంటుంది, దానికి అరవై ఎందుకు అనుకున్నాను. పక్కనున్నాయనతో అన్నాను కూడా, మావాడికి పొద్దున్నే నా మీద బెంగ అని.

విన్నానయ్యా. ఆ రికార్డులు ఏడూ విన్నాను… మొదటిదాంట్లో, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ, నీళ్ళల్లో గాలి లేదు, షెడ్డు తాళం పగలగొట్టి గాలి కొట్టే ఇంజను వేసేదా అన్నావు. మూడోదాంట్లో, ఊఁ అనండి చాలు అన్నావు. ఆఖరిదాంట్లో మాటల్లేవు. చేపలు కొట్టుకుంటున్న చప్పుడే ఉంది.

డీజిల్ పోతోందని ఆ తాళం వేసింది నేనే. నేను చెప్పకుండా ముట్టుకుంటే పోలీసులకి పట్టిస్తానన్నదీ నేనే… గుర్తుంది. హన్నా ముందే అన్నాను.

గట్టు మీదా… అవును, చెప్పావు. చేశానండీ, కట్ అయిపోయిందండీ అని అందరి ముందూ చెప్పావు. నేను ఫోన్ తీసి బావగారికి చూపించాను, చూడండి, వీడి కాల్ ఒక్కటీ లేదు అని… ఉండదు శౌరయ్యా. హైదరాబాద్‌లో దిగి చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయని వినగానే తుడిపేశాను. చెరువులో సగం వాటా ఆయనది. ఆయనకి ఏం చెప్పాలో తెలీక భయమేసింది. నువ్వు నిద్రపోయావనేశాను… ఆ, తాగి పడుకున్నాడన్నదీ నేనే. పదకొండేళ్ళు నా గట్టు మీద పడున్నావు, ఒక్కరోజు చుక్క ముట్టలేదు. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

సిగ్గుగా ఉంది. అన్నం తింటుంటే ఆ చప్పుడే వినిపిస్తోంది.

ఇదుగో, వచ్చెయ్. జీతం పెంచుతాను. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు, మామూలుగా వచ్చి పనిలో… ఏంటీ?… ఎందుకు రావు?… హనుమాన్ జంక్షన్‌ చెరువుల దగ్గర కూడా పని అడిగావా… తాగుబోతు కాపలావాడు మాకొద్దన్నారా. నా మాట అంత దూరం పోయిందా.

మరేం చెయ్యమంటావు?… బావగారికా… చెబుతాను. తప్పకుండా చెబుతాను. వీలు చూసుకుని ఒకరోజు… ఆ, ఇక్కడే ఉన్నారు. అక్కా ఆయనా మా ఇంటికొచ్చారు. ముందు గదిలో పేపరు చదువుతున్నారు… ఇప్పుడేనా?… నువ్వు వింటుండగా?…

శౌరయ్యా, ఆయన మా అక్క మొగుడు. ఇంక వాళ్ళింట్లో నేను తలెత్తుకుని…

అవును. హన్నా కూడా ఆ ఊళ్ళోనే తిరగాలి. అవును.

ఆ కూతేంటి మధ్యలో?… బేలన్స్ అయిపోతోందా? చేసింది నేను కదా… ఓ. ఆంధ్రా నెంబరుతో ఒరిస్సాలో ఉన్నావు కదూ. నీకూ రోమింగే. ఇందాకట్నుంచీ నేను వాగుతున్నదానికి నీకు డబ్బులు పడుతున్నాయా?… ఎంత మిగిలింది?… మరి ముందే చెప్పవేం, నేనే పెట్టేసేవాణ్ణి కదా…

…వినాలనే పెట్టలేదా.

ఉండు. ఉండు, కట్ చెయ్యకు… బావగారూ. ఒకసారి ఇలా రండి. పేపరు తర్వాత చదువుదురు గాని… శౌరయ్య లైన్లో ఉన్నాడు. ఆ, మన చెరువు శౌరయ్యే… వద్దు, మీరు మాట్లాడొద్దు, నేను చెప్పేది వినండి. ఆ రోజు శౌరయ్య నిద్రపోలేదు. తాగనూ లేదు. నాకు ఏడుసార్లు ఫోన్ చేశాడు. నేనే కట్ చేశాను, రోమింగ్ చార్జీ పడుద్దని. ఫోన్లో తుడిపేసి మీకు అబద్ధం చెప్పాను. తప్పు నాది బావగారూ. పూర్తిగా నాదే.

విన్నావా?… శౌరయ్యా?…

హలో… చెప్పాను. ఆయన ఇక్కడే నించున్నారు, చెప్పాను… హలో… ఎక్కడిదాకా విన్నావు?… హలో…