మెడ మూసుకుపోయిన చొక్కా

రంజాన్ ఉపవాసం, అంటే రోజా, ఉండి తన దర్జీ కొట్టులో కుడుతున్న భర్త చేతిలోంచి అతని భార్య ఒక చొక్కా లాక్కుంది.

"ఏమండీ, మెడ మూసేసి కుట్టారు! కుట్టమని ఇచ్చిన ఆ మహానుభావుడు తల ఎక్కడ దూరుస్తాడు?"

"కొత్త ఫ్యాషన్."

"ఈ చెమటలూ ఫ్యాషనేనా? వేలివ్వండి, షుగర్ చూస్తాను."

"రక్తమొస్తే రోజా పోతుందే!"

"పోదని ఇమాంగారే చెప్పారుగా. పొద్దస్తమానం సూదితోనే పని, ఈ సూదంటే మాత్రం భయం! అయ్యో, అరవై రెండు! ఈ పంచదార నీళ్లు తాగండి."

"రోజా విడవడానికి ఇంకో గంటేగా, ఓర్చుకుంటాను."

"డెబ్బైకి తగ్గితే నిమిషం కూడా ఆగొద్దని డాక్టరమ్మ చెప్పలేదూ? కళ్లు తిరిగి మిషను మీద పడతారు. తాగండి!"

గ్లాసు ఖాళీ అయింది. కాసేపటికి అతని చెమటలు తగ్గాయి.

"నా రోజా పోయిందే..."

"ఒంట్లో కుదుటపడ్డాక మళ్లీ ఉందురుగాని. ఆ రోజు మీకు తోడుగా నేనూ ఉంటాను."

"నీ నోటికి కూడా ఉపవాసమేనా?"

"హమ్మయ్య! ఎకసెక్కాలు మొదలయ్యాయి. షుగర్ ఎక్కుతోంది."