పొగ డబ్బా, సీటు స్ప్రింగు

మెకానిక్ షెడ్డు. లారీ పక్కన ఇద్దరు: మెకానిక్, అతని అక్క మొగుడైన లారీ ఓనరు.

"కోసెయ్యమంటే కోసెయ్యవేంరా? నీకు కట్టర్ లేదా, చేతుల్లేవా?"

"రెండూ ఉన్నాయి బావా. కాస్త బుర్ర కూడా ఉంది. అందుకే కొయ్యట్లేదు."

"ఒరేయ్ బామ్మర్దీ, లారీ నాది. సైలెన్సర్ పక్కనున్న ఆ డబ్బా కూడా నాదే."

"డబ్బా నీదే. అది ఆపే పొగ మాత్రం ఊరందరిదీ."

"ఉపన్యాసాలు ఆపు. ఎంత తొక్కినా పాకుతోందిరా! నిన్న సైకిలు మీద ఒక ముసలాయన నన్ను దాటేసి, వెనక్కి తిరిగి టాటా చెప్పి మరీ పోయాడు."

"దాటడా మరి? డబ్బా నిండా మసి. ఇంజను వదిలే మసినంతా అది పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. కాల్చనివ్వకపోతే గొంతు పూడుకుపోతుంది. ఇంక బండి పాకక ఏం చేస్తుంది?"

"అందుకే పీకెయ్యమంటున్నా! మన సన్నగాడు కోయించలా, ఆ ఇసుక లారీ వాడు? డబ్బా తీసేసి ఖాళీ పైపు పెట్టించాడు, కంప్యూటర్‌కి ఏదో చిప్పు తగిలించాడు. ఇప్పుడు వాడి లారీ పులి."

"పులే. దాని వెనకాల స్కూటర్ మీద పోయినవాణ్ణి ఇంటికెళ్తే పెళ్లాం గుర్తుపట్టలేదట. పొగ పరీక్షలో పట్టుకున్నారు బావా. ఆ పులి ఇప్పుడు బోన్లో ఉంది."

"నాకెవరూ చెప్పలేదే?"

"చెప్పుకునే సంబడమా అది? కోస్తే మళ్లీ అతకదు. కొత్త డబ్బా కొనాలంటే లారీ అమ్ముకోవాలి."

"మరి రేపు పొద్దున సిమెంటు లోడు సంగతేంటి? ఏడాది పొడుగునా ఉండే పని రా! ఇది పాకుతూ వెళ్తే, అటు నుంచి అటే ఇంకొకడికి ఇచ్చేస్తారు. దిగులుతో నిద్ర పట్టట్లేదు నాకు."

"నీకా? నిద్ర పట్టట్లేదా?"

"రాత్రిళ్లు. మధ్యాహ్నం పడుతోందిలే, అది వేరే."

"అమ్మయ్య. హడలగొట్టావు. సరే, ఒకటి చెప్పు. స్టీరింగ్ వెనకాల పసుప్పచ్చ లైటు వెలుగుతుంది కదా, అప్పుడు ఏం చేస్తావ్?"

"తాళం తిప్పి ఆపేస్తా."

"ఆపేస్తావా!"

"ఆపనా మరి? నేను తొక్కకుండానే ఇంజను అరుస్తుంది, ఊరికే డీజిల్ తాగుతుంది. ఆపేసి కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తా. లైటు పోతే సరే, పోకపోతే మళ్లీ ఆపుతా. ఎవరి పంతం నెగ్గుతుందో చూద్దామని."

"బావా, అది మసి కాల్చుకునే లైటు! ఆపొద్దు, కాసేపు రోడ్డు మీద నిలకడగా తోలు నాయనా అని మొత్తుకుంటోంది. నువ్వు అన్నం తింటుంటే రెండో ముద్దకే కంచం లాగేస్తే ఎలా ఉంటుంది?"

"లాగమను చూద్దాం."

"లారీకి నువ్వు చేస్తోంది అదే."

"ఆఁ, దొరికావు! కొన్న దగ్గర్నుంచీ, మూడేళ్లుగా ఇలాగే ఆపుతున్నా. ఏ గోలా లేదు. ఈ నెలలోనే మొరాయించింది. నేను ఆపడం వల్లే అయితే ఎప్పుడో చావాలి కదా? చెప్పు!"

"ఈ స్పానర్ ఎక్కడ పెట్టాను..."

"చేతిలోనే ఉంది. మాట మార్చకు. మూడేళ్లు ఎలా నడిచింది?"

"నీ హస్తవాసి అనుకో."

"అనుకోవడమేంటి, హస్తవాసే! పైగా ఈ నెల మైలేజీ చూడాలి, అదిరింది. ఇదివరకు వారానికోసారి డీజిల్ ముల్లు దభీమని పడిపోయేది. ఈ నెల పడితే ఒట్టు."

"ఊఁ."

"ఆ సీటు కూడా. వారానికోసారి దానంతటదే ముందుకు జరిగిపోయేది, ఎక్కి కూర్చుంటే మోకాళ్లొచ్చి గడ్డానికి తగిలేవి. స్ప్రింగు మార్చరా అని నీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాను? నువ్వు మార్చలా. ఈ నెల దానంతటదే బాగైంది."

"ఊఁ. అక్క వెళ్లి కూడా నెలైనట్టుంది."

"మీ చెల్లి కాన్పుకని వెళ్లింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఏం లేదు, ఊరికే... అదుగో, మాటల్లోనే అక్క. బ్యాగుతో సహా ఇటే వస్తోంది."

"బస్సు దిగి ఇంటికెళ్లక ఇక్కడికెందుకొచ్చావే?"

"ఇంటికి తాళం. మీరేమో ఫోనెత్తరు. ఏమైంది బండికి? ఆ కట్టరెందుకురా తమ్ముడూ?"

"బావ పొగ డబ్బా కోసెయ్యమంటున్నాడక్కా."

"కొయ్యడమా! అయ్యో రాత, నేనిలా వెళ్లానో లేదో... మసి ఎంత పట్టిందిరా?"

"నిండా. పొద్దున్నే మిషను పెట్టి ఇక్కడే కొంత కాల్చా, ఇప్పుడు పరిగెడుతుంది. మిగతాది రోడ్డు మీదే కాలాలి."

"ఒరేయ్, పరిగెడుతుందా? నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఎక్కుతావు. ఎక్కితే ఆపుతావు."

"సరే తమ్ముడూ. బైపాస్ ఎక్కి, పెద్ద గేర్లో పెట్టి, లైటు ఆరేదాకా కాలు తియ్యకుండా తోలాలి, అంతేగా. వంతెన దగ్గర తిప్పుకొచ్చేస్తా. ఏవండీ, ఈ బ్యాగు పట్టుకోండి. తాళాలేవీ?"

"ఏయ్, ఏయ్! ఇది లారీయే, కుక్కర్ కాదు, విజిలొచ్చాక దింపడానికి! నీకు గేర్ల సంగతి ఎవరు చెప్పారు?"

"మా నాన్న. వీడి చేతికి స్పానర్ ఇచ్చాడు, నా చేతికి స్టీరింగ్ ఇచ్చాడు. లారీ లైసెన్సు మీకన్నా ముందొచ్చింది నాకు."

"పెళ్లప్పుడు చెప్పలేదే!"

"మీరు వంట వచ్చా అని అడిగారు. వచ్చన్నాను."

"ఒరేయ్, నీకు తెలుసా ఇదంతా?"

"నాకా... ఈ స్పానర్ ఎక్కడ..."

"చేతిలోనే ఉందిరా!"

"జరగండి, ఎక్కనివ్వండి. అబ్బ, సీటు ఎంత వెనక్కి పెట్టారు!"

"ఆ లివరు నీకు దొరకదు. ఎడం పక్కన, కింద..."

"జరిపేశా."

"ఆగాగు. సీటు... డీజిల్ ముల్లు... వారానికోసారి... అంటే ఆ స్ప్రింగు..."

"స్ప్రింగుకేం రోగం? బంగారంలా ఉంది."

"మూడేళ్లు! నా లారీ, నాకు తెలీకుండా! ఇప్పుడు నాకు కోపం రావాలా, సిగ్గెయ్యాలా?"

"ఏదొచ్చినా సరే. నాకు మాత్రం భయమేసేది. లైటు వెలగ్గానే మీరు తాళం తిప్పేస్తుంటే, ఈ బండి పోతే మనం ఎలా బతుకుతామని. చెప్తే వినేవారా మీరు?"

"వినేవాణ్ణి... వినేవాణ్ణి కాదులే. అది సరే, ఎప్పుడు తోలేదానివే? బండి ఖాళీగా ఉండేది ఆదివారాలే, అప్పుడు నేనెప్పుడూ ఇంట్లోనే ఉంటానుగా!"

"ఉంటారు. అన్నం తినగానే మంచమెక్కుతారు. చెవి దగ్గర హారన్ కొట్టినా లేవరు. ఓసారి కొట్టి చూశా కూడా."

"మరి నేనిప్పుడేం చెయ్యాలి?"

"ఇంటికెళ్లి పడుకోండి. ఇన్నాళ్లూ ఈ లారీ నడిచింది మీరు తోలబట్టి కాదు, పడుకోబట్టి."