మైకు మీదుగా

ఇంగ్లండులో, ధ్వనికన్నా వేగంగా పోయే ప్రయాణికుల విమానానికి మోత తగ్గించే పరీక్షలు జరుగుతున్నాయి. ఆ ఉదయం పైలట్ విమానం దిగి, మోత కొలిచే ఇంజనీరు షెడ్డుకి వచ్చాడు. వస్తూనే అతని మూతి మీద గుద్దాడు. ఇంజనీరు బల్లతో సహా పడ్డాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

“పిచ్చెక్కిందట్రా నీకు?”

“డెంజిల్ మెడ విరిగింది. కాళ్లు కదలట్లేదు.”

“ఎలా?”

“నువ్వు రాసిచ్చినట్టే చేశాను. ఊరి దగ్గర మోత కొలవడానికి నువ్వు నేల మీద పెట్టిన మైకు రాగానే ఇంజన్ల జోరు సగానికి తగ్గించాను. విమానం కిందికి జారిపోయింది. మళ్లీ వేగం అందుకోడానికి ముక్కు ఒక్కసారిగా దించేసరికి, వెనక మీటర్ల దగ్గర నిలబడ్డ డెంజిల్ ఎగిరి విమానం పైకప్పుకి కొట్టుకున్నాడు.”

“మైకు మీద తగ్గించడం అందరూ చేసేదే కదా!”

“అందరూ కాస్త తగ్గిస్తారు. నువ్వు ఇంజన్ల పీక నొక్కించావు. చర్చి గంట నా కిటికీకి ఎదురుగా కనబడిందిరా!”

“మోత తగ్గకపోతే అమెరికా దీన్ని దిగనివ్వదు. ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే.”

పైలట్ అతని కాలరు పట్టి లేపి, గోడకేసి కొట్టాడు.

“తగ్గిందా మరి? చెప్పు, తగ్గిందా?”

ఇంజనీరు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు.

“పెరిగింది. మైకుకి అంత దగ్గరగా దిగావు. ఎప్పటికన్నా మూడు డెసిబెల్స్ ఎక్కువ.”

పైలట్ పిడికిలి లేచింది. ఇంజనీరు కళ్లజోడు తీసేశాడు.

“కొట్టు.”

“నేనెందుకు? డెంజిల్ పెళ్లాం ఆసుపత్రికి వస్తోంది. పద, ఆ మాట ఆవిడకే చెబుదువు గాని.”